గాజుకి పిన్నీసు

నల్లగండ్ల,
జూన్ 9

చిరంజీవి సంయుక్తకు నాయనమ్మ ఆశీస్సులు.

నువ్వు కొరియర్లో పంపిన బొమ్మల కట్ట శుక్రవారం అందింది. నాలుగు భాగాలూ రెండుసార్లు చదివాను. మొదటిసారి కథ కోసం, రెండోసారి ఎర్ర పెన్సిలు పట్టుకుని. ముప్పై ఏళ్ళు ఆడిట్ ఆఫీసులో పనిచేసినదాన్ని, ఆ అలవాటు పోలేదు. ఈ మాత్రానికి ఉత్తరం దేనికి, ఫోను చేయవచ్చుగా అని మీ నాన్న శివశంకర్ విసుక్కున్నాడు. ఫోనులో అన్న మాటను రేపు అనలేదంటే ఎవరేం చేయగలరు? రాసిన మాటకి మనిషి కట్టుబడాలి. నువ్వూ కాగితం మీదే జవాబు రాయి.

'ఫాల్స్ కుట్టబడును' అన్న పేరు బాగుంది. మన గుమ్మం పక్కన మీ అమ్మ వేలాడదీసిన అట్టముక్క మీది మాటలే కదా. ఈ అపార్టుమెంట్లలో సగంమంది ఆడవాళ్ళ చీరలు కృష్ణప్రియ చేతిమీదుగానే పోతాయి. ఆవిడ మీద ఒక బొమ్మల కథ రావడం న్యాయమే. ఇక నా అభ్యంతరాలు.

మీ అమ్మ కనబడే బొమ్మలు అరవై రెండు. అందులో యాభై ఏడింటిలో నైటీతో ఉంది. పొట్ట మిషను బల్లకి ఆనుకున్నట్టు గీశావు. పాపిట్లో తెల్లజుట్టు, మడమలకి పగుళ్ళు. ఒకచోట చంక కింద చెమట మరక కూడా వదల్లేదు. ఇవన్నీ నిజాలే, కాదనను. కాని నిజమైన ప్రతిదాన్నీ పదిమంది ముందు పెట్టం. గంట మోగితే మీ అమ్మ నైటీ మీద చున్నీ వేసుకుంటే గాని తలుపు తీయదు. నువ్వు చున్నీ లేకుండానే ఊరందరికీ తలుపు తీయబోతున్నావు.

ఇంకొకటి. ఇన్ని చూసినదానివి, ఎడమచేతి గాజుకి వేలాడే పిన్నీసు మాత్రం ఒక్క బొమ్మలోనూ వేయలేదు. ఆవిడ కాపురానికి వచ్చిన రోజునుంచి ఆ పిన్నీసు ఆ గాజుకే ఉంది. అది లేకపోతే ఆ చెయ్యి మీ అమ్మది కాదు.

ఈ కట్టను మీ అమ్మకి చూపించలేదు. బీరువాలో నా పట్టుచీరల కింద పెట్టాను. సవరించి పంపితే అప్పుడు చూపిస్తాను.

మొన్న ఆదివారం ఇంటికి రాలేదు. కారణం రాయి.

నీ నాయనమ్మ,
బాలాత్రిపురసుందరి


రాయదుర్గం,
జూన్ 17

నాయనమ్మకు నమస్కారాలు.

నేను కాగితం, పెన్ను ముందేసుకుని కూర్చోవడం చూసి మా రూములో పిల్లలు ఒకటే నవ్వు. "ఏంది సంయుక్తా, ఎగ్జామ్ ఉందా? జర మాకు గూడ చూపియ్యవా?" అంటున్నారు. మా నాయనమ్మ పరీక్షలో పాసవడం మీవల్ల కాదన్నాను.

అమ్మని అలా గీయడం సరదాకి చేసిన పని కాదు. కాలేజీలో మాకు పాత బొమ్మల పుస్తకాలు చూపించేవాళ్ళు. వాటిలో ఆడవాళ్ళందరికీ ఒకటే నడుము. వంట చేస్తున్నా అదే నడుము, ఏడుస్తున్నా అదే నడుము, చచ్చి దెయ్యమై తిరుగుతున్నా అదే. గీసినవాళ్ళు మగవాళ్ళు కదా అనుకున్నాం. మా చేతికి పని వచ్చిన రోజున మా బొమ్మల్లో ఆడదానికి బరువుండాలి, నిలబడితే కాళ్ళ కింద నీడ పడాలి అని మా క్లాసు అమ్మాయిలం ఒట్టు పెట్టుకున్నాం.

ఫోన్లలో బొమ్మల కథలు వేసే మా కంపెనీలో మా టీముకి పెద్ద నాగమణి గారు. మణి మేడమ్ అంటాం. నేను ఈ కంపెనీకి వచ్చిందే ఆవిడ గీసిన పాత బొమ్మలు చూసి. వెడల్పు భుజాల అమ్మాయిలు, నవ్వితే చిగుళ్ళు కనబడే అమ్మాయిలు. ఆ బొమ్మలు నా గోడ మీద ఉండేవి. అలాంటి ఆవిడ అమ్మ బొమ్మ చూసి ఏమందో తెలుసా? "డ్రాయింగ్ సూపర్ రా. కానీ ఫోన్ల జనం వేలితోని తోసుకుంట పోతుంటరు, ఈమె దగ్గర ఎవడు ఆగుతడు చెప్పు? నడుము జర సన్నగ తియ్యి. చీర కట్టు." నేను కుదరదన్నాను. ఆఫీసులో కుదరదన్న మాటే ఇప్పుడు ఇంట్లోనూ అనాల్సి వస్తోంది.

పిన్నీసు మరిచిపోలేదు. ఫోను తెరమీద అది చుక్కంత కూడా కనబడదని వదిలేశాను.

కట్ట అమ్మకి చూపించు నాయనమ్మా. ఒక్కసారి. ఆవిడ వద్దంటే నేనే ఆపేస్తాను. వద్దో కాదో చెప్పాల్సింది అమ్మ కదా.

పని ఎక్కువై ఆదివారం రాలేదు.

సంయుక్త


నల్లగండ్ల,
జూన్ 24

చిరంజీవి సంయుక్తకు,

చూపించను. చూపిస్తే మీ అమ్మ ఏమంటుందో నాకు తెలుసు. "దాని ఇష్టం అత్తయ్యగారూ" అంటుంది. ఆ మాట అనుమతి కాదు. ఇంట్లో ప్రతిదానికీ ఆవిడ అనే మాట అదే.

నీకు తెలియని సంగతి ఒకటి రాస్తాను. నేను ఉద్యోగంలో చేరినప్పుడు మా సెక్షనులో ఆడవాళ్ళం ముగ్గురం. మిగతా మగవాళ్ళు ఫైళ్ళ అట్టల లోపలివైపు మా బొమ్మలు గీసేవాళ్ళు. కమల అని టైపిస్టు ఉండేది. ఒక వేసవి మధ్యాహ్నం ఉక్కపోతకి పైట వదులు చేసుకుని బల్ల మీద తల వాల్చింది. సాయంత్రానికి ఆ బొమ్మ మూడు సెక్షన్లు తిరిగింది. సంతకానికి వచ్చిన ఫైలుతోపాటు నా బల్లమీదికీ వచ్చింది. ఆ పిల్ల బదిలీ పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత పదవీ విరమణ రోజు దాకా నేను గంజి పెట్టి ఇస్త్రీ చేయని చీర కట్టి ఆఫీసుకు వెళ్ళలేదు. గీసేవాడికి సందు ఇవ్వకూడదన్నది నా పద్ధతి.

ఆ గీసేది ఇప్పుడు ఇంటి ఆడపిల్లే. అయితే మాత్రం చూసేవాళ్ళు మారారా?

మీ మేడమ్ ఏ ఉద్దేశంతో అడిగిందో నాకు అనవసరం. నా ఉద్దేశం వేరు. మీ అమ్మకి మంచి చీర కట్టు. తల దువ్వు. పొట్ట తగ్గించు. పరువుగా కనబడాలి. అప్పుడు ఈ ఇంట్లో ఆ కథ చదువుతారు. లేదా, ఆ కట్ట నా చీరల కిందే ఉంటుంది.

నీ నాయనమ్మ,
బాలాత్రిపురసుందరి


రాయదుర్గం,
ఆగస్టు 5

నాయనమ్మకు,

సవరించాను. ఈ కవరులో కొత్త బొమ్మలు ఉన్నాయి.

మార్చకపోతే కథే వేయబోమన్నారు. రాజీనామా రాసి రెండు రోజులు బ్యాగులో పెట్టుకు తిరిగాను. మూడోరోజు నీ ఉత్తరం మళ్ళీ చదివి దాన్ని చింపేశాను. ఆఫీసులో ఒక్కదాన్నే పోట్లాడటం వేరు. ఇంట్లో కూడా ఒక్కదాన్నే అయినప్పుడు ఎవరికోసం పోట్లాడుతున్నట్టు? నీ కారణం, మణి మేడమ్ కారణం వేరైనా అడిగిన బొమ్మ మాత్రం ఒకటే.

ఎంత తేలికో తెలుసా? మా పద్ధతిలో బొమ్మను పొరలు పొరలుగా గీస్తాం. ఒంటి గీత ఒక పొర, జుట్టు ఒక పొర, బట్ట ఒక పొర, మరకలూ ముడతలూ ఒక పొర. అక్కర్లేని పొర పక్కన నొక్కితే మాయమైపోతుంది. తెల్లజుట్టు పోయింది. మడమల పగుళ్ళు పోయాయి. అమ్మకి పాతికేళ్ళు పట్టిన పొట్ట ఒక్క నొక్కుకి పోయింది. అంచు చీర కట్టాను. నీకు నచ్చే రంగే.

మణి మేడమ్ నా భుజం తట్టి, "చూసినవా, గింత పనికి రెండు నెలలు పరేషాన్ చేసినవ్" అంది. మొదటి వారంలోనే వేలమంది చూశారు.

ఇప్పుడైనా అమ్మకి చూపిస్తావా?

సంయుక్త


నల్లగండ్ల,
ఆగస్టు 21

చిరంజీవి సంయుక్తకు ఆశీస్సులు.

చూపించాను. వరలక్ష్మీవ్రతం నాడు పూజ అయ్యాక కాగితాలు మీ అమ్మ చేతిలో పెట్టాను. చాలాసేపు చూసింది.

"బాగుంది అత్తయ్యగారూ. ఎవరండీ ఈవిడ?" అంది.

"నువ్వే" అన్నాను.

బొమ్మ నడుము మీద వేలు పెట్టి వెంటనే తీసేసింది, కాలుతున్న ఇస్త్రీపెట్టెను ముట్టుకున్నట్టు. "నేనెప్పుడున్నానండీ ఇలాగ?" అంది. తర్వాత జాకెట్టుకి హుక్కులు కుట్టాలని వెళ్ళిపోయింది.

సంతోషించిందనే నేను అనుకుంటున్నాను. మన పనిమనిషి చంద్రమ్మ చూసి, "అబ్బ, ప్రియమ్మ సినిమా హీరోయిన్ లెక్క ఉన్నది" అని దిష్టి తీస్తానంది. బొమ్మ పరువుగా ఉంది. సవరణలు నేను చెప్పినట్టే జరిగాయి. పిన్నీసు మాత్రం ఇందులోనూ లేదు. పోనీలే.

దసరాకి రా.

నాయనమ్మ


నల్లగండ్ల,
నవంబరు 11

సంయుక్తకు,

దసరాకి రాలేదు, దీపావళికీ రాలేదు. అది తర్వాత మాట్లాడదాం.

నిన్న మీ అమ్మ చీరలు ఇచ్చిరావడానికి కిందికి వెళ్ళింది. అది చూసుకుని చంద్రమ్మ నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరికి వేసింది. "అమ్మగారూ, కోపం చేస్కోకుండ్రి. మా తమ్ముడు నరేందర్ ఫోన్ల గిది చూస్తుండె. గీమె మన ప్రియమ్మే గదా?" అని ఫోను నా చేతికిచ్చింది.

కథ పేరు 'కొలతల ఆంటీ'. పైన మీ కంపెనీ గుర్తే ఉంది. కళ్ళజోడు మార్చుకుని చూశాను. మన ఇంటి అట్టముక్క, మన కుట్టుమిషను. నువ్వు ఆగస్టులో పంపిన ముఖం, నేను కట్టమన్న అంచు చీర. కాని పైట ఉండవలసిన చోట లేదు. మగవాళ్ళు చొక్కా బొత్తాలు తెంపుకుని మరీ ఆ ఇంటి గంట మోగిస్తారు. ఆవిడ ఒంగి కొలతలు తీస్తుంది. అంతకుమించి కథ లేదు, రాయవలసిన అవసరం వాళ్ళకీ కనబడినట్టు లేదు.

"మావోణ్ణి మస్తు తిట్టిన. ఫికర్ చెయ్యకుండ్రి, నా నోట్లకెల్లి మాట రాదు" అంది చంద్రమ్మ. ఆమె నోరు కట్టుకుంటుంది సరే. మిగిలినవాళ్ళ ఫోనుల మాటేమిటి? మీ అమ్మ రోజూ ఎన్నో గుమ్మాలు ఎక్కి చీరలు ఇచ్చి వస్తుంది. ఏ గుమ్మంలో తలుపు తీసినవాడు పొద్దున ఏం చదివాడో ఆవిడకి తెలియదు. నవ్వుతూ నిలబడుతుంది.

ఆవిడకి ఇంకా తెలియదనే నేను అనుకుంటున్నాను. తెలిసేలోపల ఇది ఆగాలి. ఎవరు చేశారు, ఎలా చేశారు, ఎప్పుడు ఆగుతుంది, అన్నీ రాయి.

నాయనమ్మ


రాయదుర్గం,
నవంబరు 18

నాయనమ్మా,

నీ ఉత్తరం ఆఫీసు మెట్ల మీద కూర్చుని చదివాను.

'ఫాల్స్ కుట్టబడును' సెప్టెంబరులోనే ఆపేశారు, చూసేవాళ్ళకి బొమ్మ చాలు, కథ అక్కర్లేదని. నీకు చెప్పలేకపోయాను. పండగలకి రాకపోవడానికి అదే కారణం. కథ ఆగింది గాని ముఖం మిగిలింది. ఉద్యోగంలో చేరిన రోజు పెట్టిన సంతకాల ప్రకారం నేను గీసిన మనుషులందరూ కంపెనీ సొత్తే. పొరలన్నీ వాళ్ళ దగ్గరే ఉన్నాయి. ఆ ముఖాన్ని ఇంకో కథలోకి ఎత్తుకున్నారు. గీసేది మా టీము కాదు. బెంగుళూరు ఆఫీసులో ఎవరో గీస్తున్నారు. పేరు కూడా మాకు చెప్పరు.

మణి మేడమ్ దగ్గరికి వెళ్ళి అది మా అమ్మ ముఖం అన్నాను. "ముఖం మీద పేరు రాసి ఉన్నదా? నువ్వే కదరా నడుము తీసినవ్. ఇప్పుడామె మీ అమ్మ ఎట్లయితది?" అంది. ఆవిడా ఆడదే. ఒకప్పుడు చిగుళ్ళు కనబడేలా నవ్వే ఆడవాళ్ళని గీసింది.

ఇంకోచోట అమ్మ కథ వేద్దామన్నా వీల్లేదు. నీ చీరల కింద ఉన్న మొదటి కట్ట కూడా వాళ్ళదే. వాళ్ళు వద్దని తిప్పికొట్టినా వాళ్ళదే.

నేను చేయగలిగిందేమీ లేదు. అమ్మకి మాత్రం చెప్పకు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

సంయుక్త


నల్లగండ్ల,
నవంబరు 29

సంయుక్తకు,

నీ జవాబు పరిశీలించాను. చంద్రమ్మను మళ్ళీ ఫోను తెమ్మని 'కొలతల ఆంటీ' మొదటినుంచి చివరిదాకా చూశాను. డెబ్బై ఆరేళ్ళ వయసులో ఈ పని కూడా చేశాను.

ఆవిడ చెయ్యి దగ్గరగా కనబడే ప్రతి బొమ్మలోనూ ఎడమ గాజుకి పిన్నీసు వేలాడుతోంది. ఒకచోట ఆ పిన్నీసును పళ్ళతో తెరుస్తోంది, తల కొద్దిగా ఎడమకి వంచి, ఒక కన్ను చిట్లించి. మీ అమ్మ చీర కుచ్చిళ్ళు పట్టుకుని రెండో చెయ్యి ఖాళీ లేనప్పుడు చేసే పని అది.

నీ మొదటి కట్టలో పిన్నీసు లేదు. లేదని నేనే రాశాను. రెండో కట్టలోనూ లేదు. అదీ రాశాను. మీ కంపెనీ దగ్గరున్న ఏ పొరలోనూ లేని పిన్నీసు బెంగుళూరులో కూర్చున్న మనిషికి ఎవరు చెప్పారు? అది పళ్ళతో ఎలా తెరుస్తుందో ఎవరు చూపించారు?

గీస్తున్నది నువ్వేనా? అవునో కాదో ఒక్క మాట రాయి. వివరణ అక్కరలేదు.

బాలాత్రిపురసుందరి


రాయదుర్గం,
డిసెంబరు 6

నాయనమ్మా,

అవును.

నువ్వు వద్దన్నా వివరణ రాస్తున్నాను. కథ బెంగుళూరుకి పంపుతున్నామని మణి మేడమ్ చెప్పిన మాట నిజం. అక్కడ గీసిన మొదటి బొమ్మలు నాకు చూపించారు. అవి చూస్తే నువ్వు అన్నం తినలేవు. ఎవడో అలా గీసేకన్నా నేనే గీస్తే కనీసం ఒక హద్దులో ఉంచవచ్చు అనుకున్నాను. పైట ఎంతవరకు అన్నది నా చేతిలో ఉంటుంది కదా అనుకున్నాను. మొదటి వారం ఉంది కూడా. తర్వాత ప్రతి వారం, ఇంకొంచెం రా, ఇంకొంచెం. అలా ఇంకొంచెం అంటూనే ఇక్కడిదాకా వచ్చింది. ఇప్పుడు నా కింద ఇద్దరమ్మాయిలు పనిచేస్తున్నారు. ఒకామె ఈ మధ్య కొంచెం లావాటి మనిషిని గీసి తెచ్చింది. నడుము తియ్యమన్నాను. మణి మేడమ్ గొంతు నా నోట్లోంచి వచ్చింది.

పిన్నీసు కావాలని గీయలేదు. గీశానని నీ ఉత్తరం చూసేదాకా నాకే తెలియదు. చెయ్యి గీయమంటే నాకు అమ్మ చెయ్యి తప్ప ఇంకోటి రాదు. చిన్నప్పుడు మిషను పక్కన కూర్చుని చూసిన చెయ్యి అది.

ఒక్క మాట నేనూ అడగాలి. నైటీలో, చెమట మరకతో ఉన్న అమ్మని ఎవరైనా ఇలా వాడుకునేవాళ్ళా? ఆ బొమ్మ దగ్గర ఎవడూ ఆగడని మణి మేడమే అంది. ఎవడూ ఆగని చోట అమ్మ క్షేమంగా ఉండేది. ఆవిడకి చీర కట్టి, పొట్ట తీసి, వాళ్ళు ఆగేలా చేసింది నేను ఒక్కదాన్నేనా?

సంయుక్త


నల్లగండ్ల,
డిసెంబరు 15

సంయుక్తకు,

నీ ఉత్తరం చదువుతుంటే మీ అమ్మ కాఫీ తెచ్చింది. దాచబోయాను.

"దాచకండి అత్తయ్యగారూ. నాకు తెలుసు" అంది.

దసరా ముందునుంచే తెలుసట. పై అంతస్తులో ఒకరింటికి చీరలు ఇవ్వడానికి వెళితే, ఆ ఇంటాయన ఫోను సోఫా మీద తెరిచే ఉందట. "ముఖం చూసి అది నేనని అనుకోలేదండీ. నాలాగే పిన్నీసు గాజుకి తగిలించుకుందే ఈవిడ అనుకున్నాను. తర్వాత ఆ చెయ్యి చూశాను" అంది. ఇంటికి వచ్చి వంట చేసింది. ఆ రాత్రి నాకు మజ్జిగ కూడా కలిపి ఇచ్చింది. ఇన్ని రోజులూ అవే గుమ్మాలు ఎక్కి వచ్చింది.

ఇంకో మాట కూడా అంది. అన్నది అన్నట్టే రాస్తున్నాను. "చిన్నప్పుడు మిషను పక్కన కూర్చుని నా చేతులకేసే చూసేదండీ. ప్రేమనుకున్నాను."

అప్పుడు లేచి, బీరువాలో పట్టుచీరల కింద ఉన్న మొదటి కట్ట తీసి ఆవిడ ముందు పెట్టాను. ఒక్కొక్క కాగితమే తిప్పింది. చెమట మరక ఉన్న బొమ్మ దగ్గర ఆగింది. అదేమిటో తెలియదు గాని నవ్వింది. మడమ మీద వేలు పెట్టి చూసుకుంది. ఈసారి వెంటనే తీయలేదు. "ఇది నేనే కదండీ. ఇంత బాగా గీసి ఎందుకు మానేసింది?" అంది.

నీ చివరి ప్రశ్నకి జవాబు నీకు రాయను. మీ అమ్మకి చెప్పాను. జూన్‌నుంచి ఆ కట్ట ఎక్కడుందో, ఎవరు పెట్టారో, నీకు ఏమేం సవరణలు రాశానో అన్నీ చెప్పాను. నా ముఖంలోకి చూసి, "మీరు కూడానా అండీ" అంది. ముప్పై ఏళ్ళుగా ఈ ఇంట్లో ఉన్న కోడలు నన్ను నిలదీయడం అదే మొదటిసారి.

గుమ్మం పక్క అట్టముక్క తీసేసింది. ఒప్పుకున్న చీరలు పూర్తిచేసి చంద్రమ్మ చేత పంపేసింది. కొత్తవి పట్టడం లేదు. మిషను మీద దుప్పటి కప్పింది. తలుపు గంట మోగితే తీయడానికి ఇప్పుడు నేను వెళుతున్నాను.

నువ్వు ఆ కథ గీస్తావో మానేస్తావో నేను అడగను. మానితే బెంగుళూరులో గీస్తారు. ఆ సంగతి నువ్వే రాశావు.

ఇంటికి రావద్దని ఎవరూ అనలేదు. వస్తే మాత్రం మీ అమ్మ చేతులకేసి చూడకు. ఆవిడ ఇప్పుడు వాటిని కొంగు కింద పెట్టుకుంటోంది.

కాగితాలు రెండయ్యాయి. విడిపోకుండా గుచ్చమని మీ అమ్మ గాజునుంచి తీసి ఇచ్చింది. తిరిగి పంపనక్కరలేదంది.

బా. త్రి. సుందరి